గురువులు మిస్త్రీ వేళ్ళు

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా ఆయన గురువులు మిస్త్రీ అలాంటి మొండివాడే గానీ, చక్కెర జబ్బుకు రాజైనా ఒకటే, మొండివాడైనా ఒకటే. పోయిన వానాకాలం ఈ బెంగాలీ ఊళ్ళో టికియాపారా స్టేషను దగ్గర కాలి చెప్పు ఊడిపోతే, ఆ సంగతే తెలియకుండా ఒంటి చెప్పుతో ఇంటికి నడిచొచ్చాడు. కాళ్ళలో స్పర్శ పోయింది, తర్వాత చేతుల వంతేనని డాక్టరు అన్నాడు, పద మళ్ళీ చూపించుకుందామని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చేతులతో బతికేవాడికి చేతులెలా పోతాయని నన్నే ఎదురడిగాడు.

నేను కార్పొరేషనులో వీధులు ఊడ్చే మనిషిని. ఇంజన్ల గోల నాకు పట్టదు. కానీ పెళ్ళయిన దగ్గర్నుంచీ డ్యూటీ దిగి అన్నం గిన్నె పట్టుకుని ఆయన ఇంజన్లు బాగుచేసే షెడ్డుకు వెళుతున్నాను గనక ఒక పని మాత్రం చూసి చూసి తెలిసిపోయింది. ఇంజను పాతబడితే సిలిండర్లు లోపల అరిగిపోతాయి. లేతు షాపులో వాటిని కాస్త పెద్దవి చేయించి, వాటికి తగ్గ పెద్ద పిస్టన్లు కొంటారు. అయినా వెంట్రుక వాసి తేడాలుంటాయి, ఏ పిస్టను ఏ సిలిండరుదో చూసి జత కుదర్చాలి. గురువులు పిస్టన్ను తలకిందులుగా లోపలికి దించి, దాని పక్కన సన్నని ఉక్కు రేకు ఒకటి దూర్చి, రెండు వేళ్ళతో మెల్లగా పైకి లాగుతాడు. వేళ్ళకు తగిలే బిగువును బట్టి ఇది దీనికి, అది దానికి అంటాడు. జత బిగుతైతే బండి వేడెక్కి నడిదారిలో పట్టేస్తుంది, వదులైతే ఆయిలు తాగి పొగ కక్కుతుంది. ఆ బిగువును కొలిచే స్ప్రింగు కాటా ఒకటుంటుంది గానీ దాన్ని ముట్టుకోవడం ఆయనకు నామోషీ. పక్క షెడ్ల బెంగాలీ మిస్త్రీలు కూడా ఆఖరి మాటకు "గురుదా" అంటూ, అంటే గురువులన్నా అని, ఆయన్నే పిలుచుకుపోయేవాళ్ళు.

మొన్న మా తమ్ముడి కొడుకు ధనుంజయ్ తన వ్యాను ఇంజను విప్పించాడు. సాల్ట్ లేక్ ఆఫీసులకు మనుషుల్ని తిప్పే మూడు సిలిండర్ల వ్యాను. ఎంతమంది చెప్పినా వినకుండా, మావయ్య చెయ్యి పడాల్సిందేనని బండి మా షెడ్డుకే తెచ్చాడు. నేను అన్నం తీసుకెళ్ళేసరికి రెండు జతలు అయిపోయాయి. గురువులు మూడో సిలిండరు మీద వంగి, కళ్ళు మూసుకుని రేకు లాగుతున్నాడు.

గిన్నె దించి చూద్దును కదా, తళతళలాడే ఆ కొత్త పిస్టను మీద నెత్తురు. రేకు అంచు పొడుగునా నెత్తురు.

"సరిపోనాది," అన్నాడు కళ్ళు మూసుకునే.

గబగబా ఆయన పక్కకు వెళ్ళాను. ధనుంజయ్ నా వైపు చూశాడు. పాపం, వాడు మావయ్యకు ఎన్నడూ ఎదురు చెప్పినవాడు కాడు. గురువులు కళ్ళు తెరిచి, పిస్టన్ను చూసి విసుక్కున్నాడు.

"ఎవులికి తెగిందిరా? చూసుకోవద్దేటి?"

ధనుంజయ్ రెండు చేతులూ చాపి చూపించాడు. ఎందుకో నేనూ చూపించాను. ఇక మిగిలినవి ఆయన చేతులే. గురువులు తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. చూపుడువేలు కొస చీరుకుపోయి ఉంది. బొటనవేలితో ఆ గాయం మీద నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. నెత్తురు కారింది గానీ ఆయన ముఖంలో నొప్పి అన్నది లేదు. ఒక్కసారి అబ్బా అంటే చాలునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

షెడ్డులో దొరికిన గుడ్డ పీలిక వేలికి కట్టాను. ధనుంజయ్ నేల చూపులు చూస్తూ, భవానీపూర్లో వేళ్ళతో కాకుండా గేజీతో కొలిచే షాపు ఒకటుందని, ఇంజను అక్కడికి తీసుకెళ్తానని చెప్పాడు. వాడి తప్పేముంది, రేపు ఆ బండిలో జనం ఎక్కాలి. గురువులు మళ్ళీ రేకు అందుకున్నాడు. నేనే తలూపాను. వాడు టెంపో కోసం బయటికి వెళ్ళాడు.

వాడు అటు వెళ్ళగానే గురువులు రేకు తుడిచి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు లాగు."

లాగాను. కాస్త పట్టి, వచ్చేసింది.

"ఎలగున్నాది?"

"కాసింత బిగువుగున్నాది."

"కాసింతంటే ఎంత?"

ఎంతని చెప్పను? చీపురు పట్టే చెయ్యి నాది. మళ్ళీ లాగాను. ఎలా ఉండాలో నువ్వు చెప్పు, అలా ఉందో లేదో నేను చెబుతానన్నాను. ఆయన గుడ్డ కట్టిన వేలికి బొటనవేలు ఆనించి, గాలిలో ఉత్తినే లాగాడు. ఆగి మళ్ళీ లాగాడు. ఇన్నేళ్ళలో ఆ బిగువు ఎలా ఉంటుందో చెప్పమని ఆయన్ని అడిగినవాళ్ళు లేరు.

"మర్సిపోనానే," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఇంతలో టెంపో వచ్చింది. ధనుంజయ్ గబగబా లోపలికొచ్చి, మావయ్య ముఖం చూడకుండా, జత కుదిరిన పిస్టన్లు మూడూ బయటికి తీసి ఒకే సంచిలో వేసుకున్నాడు. ఏది ఏ సిలిండరుదని అడగలేదు.