చేతులు వదిలితే ఆగుతుందన్నారు

మొగిలమ్మ పోయి మూడు నెలలు. నా భార్య. మా మిరప చేనులోనే, మా కోడలు నడిపిన డ్రోన్ తలకు తగిలి పోయింది. ఆ రోజు నుంచి నేను హారికతో మాట్లాడలేదు.

పంటకు మందు కొట్టే డ్రోన్ అది. మహిళా సంఘం తరఫున హారిక శిక్షణ తీసుకుని నడిపేది. తొర్రూరు బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా మొగిలమ్మ చెప్పేది, "మా కోడలు పైలట్" అని. నేను విసుక్కునేవాణ్ణి.

నిన్న విచారణకు ఒక అధికారి వచ్చాడు. భానుచందర్ అట. నిర్లక్ష్యమని తేలితే హారిక లైసెన్సు పోతుంది, కేసూ అవుతుంది. జీపు నడిపే నా కొడుకు మొగిలమ్మ పోయిన పొద్దు ములుగు పోయి ఉన్నాడు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"డ్రోన్ తానెక్కడున్నదో ఉపగ్రహాల సిగ్నల్‌తోనే తెలుసుకుంటది పెద్దాయనా. సిగ్నల్ ఉంటే, రిమోట్ మీటలు వదిలినా ఉన్నచోటే నిలబడ్తది. ఆ రోజు సిగ్నల్ పోయింది. ఎందుకు పోయిందో తెలుస్తలేదు. అప్పుడు ఎత్తు తగ్గకుంట, పక్కకు ఒరగకుంట చూసుకుంటది, అంతే. గాలి ఎటు తోస్తే అటే పోతది. మీటలు పట్టుకుని గాలికి ఎదురు నడపాలె. ఈమె కాసేపు నడిపింది కూడా, రికార్డుల ఉన్నది. తర్వాత వదిలేసింది." హారిక వైపు తిరిగాడు. "ఎందుకు వదిలినవమ్మా?"

గుమ్మంలో నిలబడ్డ హారిక నా వైపు చూడలేదు. "బుగులైంది సార్."

"భయమైతే ఇంకా గట్టిగ పట్టుకుంటరు గదా."

"నాదే తప్పు. రాసుకోండ్రి సార్."

అతను రాయసాగాడు.

శిక్షణ మొదటి రోజు హారిక వెంట నేనూ పోయాను. "భయమైతే చేతులు వదిలెయ్యండి, అదే ఆగుతది" అన్నాడు నేర్పేవాడు. అంతవరకే విని ఇంటికొచ్చాను. సిగ్నల్ లేనప్పుడు ఎట్లా నడపాలో తర్వాత నేర్పారట.

మొగిలమ్మ పోయిన పొద్దు డ్రోన్ మొక్కలకు కాస్త పైనే ఎగురుతూ గట్టు వైపు జరిగింది. గట్టు మీద మొగిలమ్మ వంగి బకెట్లో మందు కలుపుతున్నది. నేను గొంతు చించుకున్నాను.

"వదిలెయ్ హారికా! చేతులు వదిలెయ్!"

"వద్దు మామా!"

"వదులుమంటున్న గదా!"

వదిలేసింది.

"సార్," అన్నాను, "నేనే వదిలెయ్యమన్న. రెండుసార్లు. ఆమె వద్దన్నది."

భానుచందర్ కలం ఆగింది. రాసిందంతా కొట్టేసి మళ్లీ రాశాడు. చదివి వినిపించాడు. సంతకం పెట్టాను. అతను వెళ్లిపోయాడు.

హారిక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఎందుకు చెప్పినవు మామా?"

"నన్ను మామా అనకు."

మూడు నెలల్లో ఆమెతో నేనన్న మొదటి మాట అది.

లోపలికి పోయి కంచంలో అన్నం పెట్టుకొచ్చింది. నా ముందు పెట్టింది.

"తిను మామా."

ఈసారి నా మాట వినలేదు.