మిషన్ పని

లేతు మిషన్ మీద ఇనప కడ్డీ గిర్రున తిరుగుతోంది. దాని మీంచి లేచిన పొట్టు చుట్టలు చుట్టుకుంటూ నేల మీద రాలుతోంది. మేస్త్రి మిషన్ ఆపి, కడ్డీని గుడ్డతో తుడిచి, కుడిచేతి బొటనవేలి గోటితో దాని పొడవునా మెల్లగా గీశాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు, నునుపు కుదిరింది. మిగతా తొమ్మిది గోళ్ళూ మొదలంటా కత్తిరించుకుని ఆ ఒక్కదాన్నే పెంచుతాడు కాబట్టి వీధంతా ఆయన్ని గోరు మేస్త్రి అంటుంది. అసలు పేరు షెడ్డు యజమానికి కూడా ఠక్కున గుర్తుకురాదు.

ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే రేకుల షెడ్డు, అదే మిషన్. ఇలాంటి కడ్డీల్ని తిప్పి ఆయన చేసిన షాఫ్టులు ఎన్ని మోటార్లలో తిరుగుతున్నాయో లెక్కలేదు. వీధికి నీళ్ళు తోడే పంపులో ఉన్నదీ ఆయన చేసిందే. అయినా కొడుకు కాలేజీ ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట 'ప్రైవేటు ఉద్యోగం' అని రాయించాడు. మసి చేతులకి అంటుకోవచ్చు గాని కాగితానికి అంటకూడదని ఆయన పట్టుదల.

ఆ కొడుక్కి చదువంటే తలనొప్పి. మూడో ఏడు చదువుతూ మొదటి ఏడు పరీక్షలు ఇంకా రాస్తూనే ఉన్నాడు. కూతురు మాత్రం చదువులో చురుకు. పది తప్పిన మగపిల్లాడు ఏదో ఒక షెడ్డులో చేరి నాలుగేళ్ళకి మేస్త్రి అయిపోతాడు. ఆడపిల్ల అయితే డిగ్రీ చదవాల్సిందే. ఆ వీధి లెక్క అది. "మగాడికి రెండు చేతులుంటే చాలు. ఆడదాని చేతిలో కాగితం లేకపోతే గుమ్మం కూడా దాటనివ్వరు," అంటుంది మేస్త్రి భార్య. నాలుగు ఆఫీసుల గుమ్మాలు చూసి తిరిగొచ్చిన మనిషి మాట. అందుకే కూతురు, "కాలేజీ వద్దు, శిక్షణ సంస్థలో మిషన్ పని నేర్చుకుంటా" అన్నప్పుడు తల్లి రెండు రోజులు ఒప్పుకోలేదు. కుట్టుపనే కదా, ఏడాదిలో అయిపోతుంది, తరవాత కాలేజీలో చేర్పిద్దాంలే అని చివరికి తల్లే మెత్తబడింది. మేస్త్రి ఫారం చదవకుండానే సంతకం పెట్టేశాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుంటే ఫోన్ మోగింది. శిక్షణ సంస్థ గుమాస్తా.

"మీ అమ్మాయి ఫారంలో చిన్న పొరపాటుందండీ. తండ్రి వృత్తి దగ్గర టర్నర్ అని రాసింది. కింద కోర్సు దగ్గర కూడా చెయ్యి అలవాటున టర్నర్ అనే రాసేసింది. కుట్టుపని అని మార్చేస్తాను, మీరు ఊఁ అనండి చాలు. నాలుగింటికి జాబితా పంపించేస్తాం."

"కనుక్కుని చెప్తానండీ," అన్నాడు మేస్త్రి.

టర్నర్ అంటే లేతు తిప్పేవాడు. అంటే తనే. డబ్బా మూత మళ్ళీ పెట్టేసి కూతురికి ఫోన్ చేశాడు. మూడున్నరకి ఆ పిల్ల షెడ్డు ముందు నిలబడింది.

"మిషన్ అన్నావు కదే."

"మిషనే కదా నాన్నా. రోజూ పొద్దున్నే మిషన్ దగ్గరికి పోతున్నా అంటావు. బట్టలు కుట్టడానికా పోతున్నావు?"

మేస్త్రికి నవ్వొచ్చింది. దిగమింగుకున్నాడు.

"అమ్మకి విడమరిచి చెప్పొద్దూ?"

"అమ్మ అడగలేదు, నేను చెప్పలేదు. సగం తప్పు నాదే. అన్నని కూడా ఏం చదువుతావని ఎవరూ అడగలేదు. నన్నూ అడగరని తెలిసే నేనే రాసేశా."

"ముప్పైమంది మగపిల్లల్లో నువ్వొక్కదానివి. ఎవడైనా ఏమైనా అంటే?"

"అంటారు. నేను తిప్పిన షాఫ్టు మీద నీ గోరు తట్టుకుంటే అప్పుడు వింటాలే."

మేస్త్రి చేతిలోని గుడ్డని ఊరికే అటూ ఇటూ తిప్పాడు. "సరే, నా పని ఎందుకు రాశావు ఫారంలో?"

"మరింకేం రాయాలి?" అంది ఆ పిల్ల, నిజంగానే అర్థంకాక.

ఇంతసేపూ తన భయం కూతురి గురించి అనుకున్నాడు. కాదు. బతుకంతా పోసి నేర్చిన పని కన్నబిడ్డకి తగదని తనే అనుకుంటున్నాడు. సిగ్గేసింది. నాలుగింటికి పది నిమిషాలుందనగా గుమాస్తాకి ఫోన్ చేశాడు.

"పొరపాటేం లేదండీ. రెండుచోట్లా సరిగ్గానే రాసింది."

"ఆడపిల్లండీ. ఇంకోసారి ఆలోచించుకోండి."

"ఆ పనీ నాకు తెలుసు, ఈ పిల్లా నాకు తెలుసు. ఉంచెయ్యండి," అన్నాడు.

సాయంత్రం సంగతి విని భార్య కాసేపు భగ్గుమంది. "మిషన్ అంటే మిషన్ అనుకున్నాను గాని, మిషన్ అనుకున్నానా?" అని, తను అన్నది తనకే అర్థంకాక నవ్వేసింది. తరవాత కళ్ళు తుడుచుకుని, "రేపు దీన్ని పనికి ఎవరైనా రానిస్తారంటారా?" అంది.

"పని చూస్తే రానిస్తారు," అన్నాడు మేస్త్రి. ఆ మాట మీద ఆయనకి ఏ అనుమానమూ లేదు.

సోమవారం పొద్దున కూతురు సంస్థ హాస్టల్‌కి బయల్దేరింది. జుట్టు బిగించి ముడివేసుకుంది. బస్సు దగ్గర మేస్త్రి చెప్పింది ఒక్కటే.

"మిషన్ దగ్గర ఒంటిమీద వేలాడేది ఏదీ ఉండకూడదు. కొస దొరికినా చాలు, మనిషిని లాగేస్తుంది."

"తెలుసు నాన్నా."

బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, డబ్బా తీసుకుందామని మేస్త్రి ఇంటికొచ్చాడు. కూతురి గదిలో పక్క సర్ది ఉంది, కిటికీ వేసి ఉంది, తలుపు వెనక కొక్కేనికి ఆమె నీలంరంగు చున్నీ వేలాడుతోంది.