పెద్ద ఎస్, చిన్న ఎస్

శౌరయ్య పైపులు కొనడానికని సోమవారం పొద్దున కంకిపాడులో బెజవాడ వన్ టౌన్ బస్సెక్కాడు. మళ్ళీ ఇంటికి రాలేదు. ఫోన్ స్విచాఫ్.

కూతురు బ్లెస్సీ బెజవాడలో ఓ పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చూస్తుంది. ఆ సాయంత్రమే అక్కడి ప్రోగ్రామ్‌లో నాన్న పేరు కొట్టి చూసింది. 'రికార్డు లేదు' అని వచ్చింది. ఇక్కడ లేడనుకుని, తల్లి తెరేసమ్మను వెంటబెట్టుకుని మిగతా ఆసుపత్రులూ పోలీస్ స్టేషన్లూ తిరిగింది.

గురువారం డ్యూటీకి వచ్చింది. ఇంట్లో కూర్చుంటే ఊపిరాడడం లేదు.

కౌంటర్‌లో పనిచేసే సాయిగణేష్ వచ్చాడు. "మేడమ్, కొత్త ప్రోగ్రామ్ ఏదో తేడాగా ఉందండీ. పేరు చిన్న అక్షరాల్లో కొడితే పేషెంట్ దొరకట్లేదు. క్యాపిటల్స్‌లో కొడితే వస్తన్నాడు."

"చూస్తాను."

బయటి కంపెనీ సి భాషలో రాసిచ్చిన ప్రోగ్రామ్ అది. పేర్లు పోల్చే చోట strcmp వాడారు. దానికి పెద్ద S వేరు, చిన్న s వేరు. క్యాజువాలిటీలో పేర్లన్నీ క్యాపిటల్స్‌లోనే ఎక్కిస్తారు. బ్లెస్సీ దాన్ని తీసేసి, ఆ తేడా పట్టించుకోని strcasecmp పెట్టి, ప్రోగ్రామ్‌ను మళ్ళీ కంపైల్ చేసింది. సరిచూడడానికి ఏదో ఒక పేరు కావాలి. వేళ్ళు సోమవారం కొట్టినట్టే shourayya అని కొట్టాయి.

SHOURAYYA. సోమవారం మధ్యాహ్నం, రోడ్డు ప్రమాదం. ఐసీయూ. మంగళవారం మరణం. మార్చురీ.

ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. చేసిన మార్పును కౌంటర్లకు ఎక్కించి, లేచి, మెట్లెక్కింది.

ఐసీయూ సిస్టర్ సంపూర్ణమ్మ గుర్తు తెచ్చుకుంది. "ఆటో అతను తీసుకొచ్చాడమ్మా. ఫోన్ నలిగిపోయింది. పెద్దాయన తన పేరొక్కటే చెప్పాడు. మా అమ్మాయి ఆసుపత్రిలో పనిచేస్తదన్నాడు. ఏ ఆసుపత్రని అడిగేలోపే స్పృహ పోయింది. మీకేమవుతారు?"

"నాన్న."

సంపూర్ణమ్మ కుర్చీ లాగింది. బ్లెస్సీ కూర్చోలేదు. మార్చురీకి వెళ్ళి, దుప్పటి తీసి చూసి, తల ఊపి, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. బయటికొచ్చి తల్లికి ఫోన్ చేసింది.

"దొరికాడా అమ్మా?" అంది తెరేసమ్మ.

"దొరికాడు. నువ్వు రా. ఒక్కదానివే రాకు, పిన్నిని తోడు తెచ్చుకో."

తెరేసమ్మ అడిగింది, "ఎక్కడ?"

"మా ఆసుపత్రిలోనే," అంది బ్లెస్సీ.