ఇరవై ఒకటి పాయింట్ ఆరు

కాలవ గట్టు రోడ్డు మీద నేను ముప్ఫై రెండేళ్ళుగా సైకిలు తొక్కలేదు. అలాగని ఒట్టేమీ పెట్టుకోలేదు. ఆదివారం పొద్దున్నే సైకిలు తీసేవాణ్ణి. ఊరి చివర పంక్చర్ బాబాయ్ కొట్టు దాటగానే హ్యాండిల్ దానంతటదే కుడివైపు తిరిగేది. కాలవ గట్టు ఎడమవైపు. దాని మీద లారీ పట్టదు, బస్సు రాదు. సైకిలువాడికి అంతకంటే మంచి దారి చుట్టుపక్కల లేదు. ఆ సంగతి అందరికంటే నాకే బాగా తెలుసు.

కిందటి వారం బాబాయ్ నన్ను కొట్టులోకి పిలిచి ఒక పాత నోటుపుస్తకం చేతిలో పెట్టాడు. అట్ట చూడగానే గుర్తుపట్టాను. అన్నయ్యది. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇక సైకిలు తొక్కొద్దన్నారట. వేరే ఊరికి మకాం మారుస్తూ సైకిల్నీ, దారులు రాసుకున్న ఈ పుస్తకాన్నీ కొట్టులో వదిలి వెళ్ళాడు.

“ఆదివారమైతే చాలు, కొత్తవాళ్ళు వచ్చి బండ్లు తిరగని దారి చెప్పమంటారు. ఎంతమందికని నోటితో చెప్పను? ఇవి అచ్చేయించి గోడకి తగిలిస్తా. నువ్వు ప్రెస్సులో తప్పులు దిద్దేవాడివి కదా, ఓసారి చూసిపెట్టు” అన్నాడు బాబాయ్.

“ఇలా కూర్చుని చూసిచ్చేస్తా.”

“అక్షరాలెవడిక్కావాలయ్యా? అంకెలు చూడు. తొక్కి చూడు. ముందు కాలవ గట్టు.”

“అదొద్దులే. వేరేది చూస్తా.”

“ఏం? ఆ రోడ్డు నిన్నేమైనా కరిచిందా?”

నేను పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. కరిచిందనే చెప్పాలి.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, అన్నయ్యకి ఇరవై ఆరు. అంతకుముందు ఆరేళ్ళూ ప్రతి ఆదివారం అద్దె సైకిలు మీద వెనకాల వెళ్తూ నేను చూసిందల్లా అన్నయ్య వీపే. చొక్కా మీద చెమట ముందు రెండు భుజాల దగ్గర మొదలై, పదో కిలోమీటరుకల్లా ఒక్కటయ్యేది. వెనక్కి తిరగకుండానే చేత్తో చెప్పేవాడు. అరచెయ్యి కిందికి ఊపితే గుంత. వేళ్ళు ఆడిస్తే కంకర. పిడికిలి బిగిస్తే ఆగు. నేను రోడ్డు చూడనక్కర్లేదు, ఆ చెయ్యి చూస్తే చాలు. అంత నిశ్చింతగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

మొదటి జీతంతో నేనూ ఒక సొంత సైకిలు కొని, దానికి దూరం చూపే మీటరొకటి పెట్టించుకున్నాను. ఆ వారమే అన్నయ్య కాలవ గట్టు మీదే లాకుల అవతలికి, నేనెప్పుడూ వెళ్ళని వైపు, కొత్త దారి కనిపెట్టాడు. ఆదివారం ఇద్దరం బాబాయ్ కొట్టు దగ్గర మీటర్లు సున్నాకి తిప్పుకున్నాం. అంతలో నా వెనక చక్రంలో గాలి పోయింది. అన్నయ్య బయల్దేరాడు. “ఇరవై ఒకటి పాయింట్ ఆరు. కల్వర్టు ఉంటుంది. అక్కడ ఆగుతా” అన్నాడు.

అరగంట తర్వాత నేను బయల్దేరాను. ఇరవై ఒకటి పాయింట్ ఆరు దగ్గర కల్వర్టు ఉంది. అన్నయ్య లేడు. గంటసేపు ఆ గోడ మీద కూర్చున్నాను. కాలవలో నీళ్ళు పోతూనే ఉన్నాయి. నన్నొదిలేసి పోయాడని నాకు అర్థమైంది. లేచి ఇంటికి తిరిగొచ్చి, గోడ వైపు తిరిగి పడుకున్నాను. మధ్యాహ్నం అన్నయ్య వచ్చిన చప్పుడైంది. దారి ఎలా ఉందని అమ్మ అడిగితే “బాగానే ఉంది” అన్నాడు. నన్నడిగితే నేనూ అదే అన్నాను.

తగాదా ఏమీ లేదు. పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, ఒకరి ఇంటికి ఒకరం వెళ్ళాం. కలిసి సైకిలు మాత్రం తొక్కలేదు. ఆ గంట నాలో ఉండిపోయింది. ఎక్కడికి వెళ్ళాలన్నా గంట ముందే తయారవుతాను. “రైలు కంటే ముందు పట్టాల మీదకొచ్చి నిలబడే రకం మీరు” అంటుంది నా భార్య. సరదాగానే అంటుంది. కానీ, “మీరు పదండి, వెనకాలే వస్తా” అని ఆవిడ అంటే, తలుపు దగ్గరే పాతుకుపోయి నిలబడతాను. ఒకరు ముందు పోతే ఇక ఇద్దరూ కలవరని నా లెక్క.

ఈ ఆదివారం పొద్దున కొట్టు దగ్గర మీటరు సున్నాకి తిప్పి, ఎడమవైపు తిరిగాను.

రోడ్డు మారలేదు. తారు అక్కడక్కడా లేచింది, అంతే. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క పొలాలు. గొలుసు చప్పుడు, నా ఊపిరి, గట్టు కింద ఎక్కడో ఇంజను. మూడో కిలోమీటరు దగ్గర పార భుజాన వేసుకున్న ఒకాయన ఎదురొచ్చి తలూపాడు. ఆ తర్వాత మనిషన్నవాడు లేడు. ముందు ఒక వీపు లేకుండా ఆ రోడ్డు మరీ వెడల్పుగా ఉన్నట్టనిపించింది.

పని గుర్తొచ్చి పుస్తకం తీశాను. ‘5.2, రేవు మెట్లు’ అని ఉంది. నా మీటరు ఐదు పాయింట్ ఆరు చూపిస్తోంది. మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్నాను. ‘9.1, ఇటుక బట్టీ.’ నాకు తొమ్మిది పాయింట్ ఎనిమిది. ‘15.6, లాకులు.’ నాకు పదహారు పాయింట్ ఎనిమిది. అన్నయ్య ఇంత నిర్లక్ష్యంగా రాశాడేమిటని మొదట కాస్త సంతోషం కూడా కలిగింది, ఒప్పుకోవాలి.

ఇరవై ఒకటి పాయింట్ ఆరు దగ్గర నా కాళ్ళు వాటంతటవే ఆగాయి. అదే కల్వర్టు. అదే గోడ. కూర్చున్నాను. పుస్తకం తెరిచి, ఆ అంకె పక్కన ఏం రాసుందో మొదటిసారి చదివాను. ‘కల్వర్టు, పంపు హౌసు, రెండు చెట్లు. తమ్ముడి కోసం ఆగాలి.’

తలెత్తి చూశాను. పంపు హౌసు లేదు. చెట్టన్నదే లేదు. అప్పుడూ లేవు.

నా వృత్తిలో తప్పు అంటే దారి తప్పిన అక్షరం. పేజీ పొడవునా ఒకే తీరుగా నడిచేదాన్ని తప్పనం, ఆ అచ్చే అంత అంటాం. పెన్సిల్ అంకెలు మళ్ళీ చూశాను. అన్నిటికీ ఒకే నిష్పత్తి, అన్నయ్య లెక్కలో పదమూడైతే నా లెక్కలో పద్నాలుగు. పదమూడు, పద్నాలుగు. రెట్టింపు చేస్తే ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది. అన్నయ్యది ఇరవై ఎనిమిది అంగుళాల చక్రం. మీటరేమో ఎవరి సైకిలుదో పాతది పెట్టించుకున్నాడు. అది ఇరవై ఆరు చక్రానిది. పాపం, చక్రం పెద్దదని దానికి తెలియదు. తిరిగిన ప్రతి చుట్టుకీ కాస్త తక్కువ చెప్పుకుంటూ పోయింది. ఒంటరిగా తొక్కేవాడికి అది ఎప్పటికీ బయటపడదు.

అంటే అన్నయ్య ఇరవై ఒకటి పాయింట్ ఆరు ఇక్కడ లేదు. ఇంకో కిలోమీటరున్నర పైన, ముందుంది.

వెంటనే సైకిలెక్కానని చెప్పుకోవాలనుంది. ఎక్కలేదు. వెనక్కి తిరిగి పోదామనిపించింది. నన్ను వదిలేసి పోయాడన్నది నాకు దెబ్బ మాత్రమే కాదు, కూర్చునే చోటు కూడా. నా జాగ్రత్త, నా పొగరు, అన్నయ్య ఇంట్లో నేను నవ్వే ఆ పొడి నవ్వు, అన్నీ దాని మీదే కూర్చున్నాయి. అవన్నీ లేపేస్తే ఎక్కడ పెట్టుకోను? అప్పుడే ఇంకొకటి గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుందో తెలియదు. ఆ రోజు పంక్చర్ వేయిస్తుంటే అన్నయ్య కొట్టు మెట్టు మీద కూర్చోబోయాడు. “నువ్వు పో, నేనేం చిన్నపిల్లాణ్ణి కాదు, అందుకుంటా” అన్నది నేను.

లేచి సైకిలెక్కాను.

ఇరవై మూడు దాటాక మలుపు తిరిగితే రెండు చెట్లు కనబడ్డాయి. పంపు హౌసు తలుపుకి తుప్పు పట్టిన తాళం. కల్వర్టు గోడ మీద నీడ. ఆ నీడలో కూర్చుని అన్నయ్యకి ఫోన్ చేశాను.

“ఏంట్రా పొద్దున్నే? అంతా బాగేనా?”

“కాలవ గట్టు మీదున్నా. పంపు హౌసు దగ్గర.”

ఫోన్‌లో కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

“ముప్ఫై రెండేళ్ళు పట్టిందా రావడానికి?” అన్నాడు. “పంక్చర్ అంత పెద్దదా?”

“నీ మీటరు తప్పురా అన్నయ్యా. నేను ఇరవై ఒకటి ఆరు దగ్గరే ఆగా. గంట కూర్చున్నా.”

“నేను రెండు గంటలు నిలబడ్డా. పంపు నడిపేవాడు జాలిపడి రెండుసార్లు టీ పోశాడు. మీవాడు రాడులే అని కూడా అన్నాడు. వస్తాడన్నా.”

“మరి వచ్చి నన్ను నాలుగు తిట్టొచ్చుగా?”

“గోడకి తిరిగి పడుకున్నవాణ్ణి ఏం తిడతాం? నాతో రావడం ఇష్టంలేక మధ్యలోంచే తిరిగెళ్ళావనుకున్నా. కొత్త సైకిలు, కొత్త జీతం. ఇంకా నా వెనకేం తొక్కుతావులే అనుకున్నా.”

“అడగొచ్చుగా.”

“నువ్వడిగావా?”

ఫోన్‌లో వాళ్ళింట్లో కుక్కర్ కూత వినబడింది. నేనొక చిన్న రాయి కాలవలోకి వేశాను.

“ఏంటా చప్పుడు?” అన్నాడు.

“నీళ్ళు.”

“వంకర మలుపు దగ్గర గుంత ఉండేది, చూసుకున్నావా?”

“లేదు. ఇంకాస్త ఉంటే పడేవాణ్ణి.”

“తిరిగెళ్ళేటప్పుడు కుడిపక్కగా పో” అన్నాడు. వదిన ఎవరని అడుగుతుంటే, “ఎవరో కాదు, తమ్ముడు” అని ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నం కొట్టులో కూర్చుని అంకెలన్నీ దిద్దాను. పద్దెనిమిది అంకెలు, పద్దెనిమిదీ కొట్టేసి పక్కన కొత్తవి రాశాను. ఇరవై ఒకటి పాయింట్ ఆరు కొట్టేసి ఇరవై మూడు పాయింట్ మూడు రాశాను. ‘తమ్ముడి కోసం’ అన్న మాటలు తీసేశాను. ‘ఆగాలి’ ఉంచాను. దాని పైన, పుస్తకంలో లేని పంక్తి ఒకటి చేర్చాను: ‘21.6, చిన్న కల్వర్టు. ఇక్కడ కాదు. ఇంకా ముందుకు.’

బాబాయ్ కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి చదివాడు.

“అక్కడేం లేదు కదయ్యా. ఏమీ లేని చోటు రాయడమెందుకు?”

“ఆగేవాళ్ళుంటారు బాబాయ్” అన్నాను.