ఫ్లెక్సీకి ఫొటో

“ఫ్లెక్సీకి పాప ఫొటో యాడుండాది?” అని వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాడు నటేశన్. అతని భార్య మహాలక్ష్మి దోసె పోస్తోంది. ఆ ఇంట్లో బనియన్ దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా ఏది ఎక్కడుందో తెలియాల్సింది ఆమెకే, వెతికి చేతికివ్వాల్సిందీ ఆమే.

కూతురు కవిప్రియ పెద్దమనిషై నెల కావొస్తోంది. ఆదివారం సడంగు, అంటే పెద్దమనిషైన వేడుక. పట్టణంలో ఫ్లెక్సీలు కొత్తగా వచ్చిన రోజులు, ఇక ఆగుతారా! ఉప్పళం వీధి మొదట్లో పిల్ల నిలువెత్తు బొమ్మ కట్టాలని నటేశన్ పట్టు. ఆ దారినే కవిప్రియ క్లాసు మగపిల్లలంతా బడికి పోతారు. కడితే ఇక స్కూలుకే పోనని పిల్ల ఒకటే ఏడుపు.

అదే బళ్లో మహాలక్ష్మి లెక్కల టీచరు. ఈ ఏడు ఏడో తరగతికి జీవన నైపుణ్యాలని కొత్త పీరియడ్ వస్తే, హెడ్మాస్టరు శ్రీనివాసన్ దాన్నీ ఆమె నెత్తినే పెట్టాడు. “లేడీస్‌కి ఇదంతా సహజంగా వస్తుంది గదా మేడం!” అన్నాడు. ఏం వస్తుందో ఆమె మొహం! మొన్న పాఠంలో, నీ ఒంటి సంగతి ఎవరికి చెప్పాలో నీ ఇష్టమని చదివి వినిపించి, సందేహాలున్నాయా అని అడిగింది. సొంత కూతురే లేచింది. “ఇంట్లోవాళ్లే ఊరికంతా చెబితే ఏం చేయాలి మిస్?” మహాలక్ష్మికి తలకొట్టేసినట్టయింది.

హాల్లోంచి నటేశన్ తల్లి వసంతమ్మ అందుకుంది. “కార్తి చీర కొనేసినాడంట. మేనమామ చీరెలోనే పిల్లకి ఫొటో తీయాల. వాడికీ ఏం వయసైపోయింది? ఆరేడేండ్లు ఆగితే సరి.”

“చూద్దాంలే అమ్మా,” అని నటేశన్ నవ్వాడు.

కార్తికేయన్ మహాలక్ష్మి తమ్ముడు. ఇరవై నాలుగేళ్లవాడు, మేట్టుపాళయంలో ఉద్యోగం. పన్నెండేళ్ల పిల్లకీ వాడికీ ముడిపెట్టి నవ్వుకుంటున్నారు వీళ్లు! ఆమెకు ఒళ్లు మండిపోయింది. దోసె మాడిన వాసన వస్తుంటే స్టవ్ కట్టేసింది.

“ఫొటో ఏదే? షాపోడు కాచుకోనుండాడు.”

“ఫొటో ఇయ్యను మామా. ఫ్లెక్సీ లేదు, సడంగూ లేదు. కార్తికి నేనే ఫోన్ చేసి చెప్తా.”

“ఊరు నవ్వతాదే! నీకూ చేసినారు గదా, నీకేం తక్కువైపోయింది?”

మహాలక్ష్మి చేతులు తుడుచుకుని అతనివైపు తిరిగింది.

“ఆ దినం చీర పళ్లెం పట్టుకోనొచ్చిన మేనమామవి నువ్వే మామా. నాకు పదమూడేండ్లు. ఇష్టమా అని నన్ను ఎవురూ అడగలే. నువ్వూ అడగలే.”