నాన్న నిలబడే పక్క

పొద్దున్నే వర్క్‌షాపు షట్టర్ ఎత్తేసరికి నాన్న నీడ అప్పటికే పనిలో ఉండేది. ఎదురుగోడ మీద వంగి, చిత్రిక పడుతున్నట్టు ముందుకీ వెనక్కీ ఊగుతుండేది. పెద్దోడు కిటికీలు తెరిచి, నిన్నటి రంపంపొట్టు ఊడ్చి, తన బల్ల దగ్గరికి నడిచేవాడు. జుట్టంతా నెరిసినా నాన్న నోట పెద్దోడే కాబట్టి అందరికీ పెద్దోడే. తమ్ముడు వెనకాలే వచ్చి, "ఏం నాన్నా, టీ అయినా తాగావా లేదా?" అని గోడని పలకరించి పాలిష్ డబ్బా మూత తీసేవాడు.

నాన్న పోయి రెండు నెలలు దాటింది. తొంభై దాటి బతికిన మనిషి. పోయే ముందురోజు సాయంత్రం దాకా కుర్చీ కాళ్లు చెక్కి, కడుపునిండా తిని, "రేపు నన్ను లేపకమ్మా, నేనే లేస్తాను" అని పెద్దకోడలితో పరాచికమాడి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. ఏడ్చినవాళ్లంతా ఏడుపు మధ్యలోనే, పోనీలే హాయిగా పోయాడు అనుకుని ఊపిరి పీల్చుకున్నారు. మర్నాడు నీడ పనిలోకి వచ్చింది. ఒక్కపూట నాగా పెట్టడం ఎరగని మనిషి కాబట్టి అదేమీ వింతనిపించలేదు. కుర్చీలు కొనడానికొచ్చినవాళ్లు కూడా గోడకి అడ్డం రాకుండా పక్కకి తప్పుకునేవాళ్లు.

పని ఎంత చేశాడో అల్లరీ అంతే చేశాడు నాన్న. మధ్యాహ్నం కునుకు తీసే పనివాళ్లకి చిత్రిక పొట్టు చుట్టలు తెచ్చి మీసాలు అతికించేవాడు. అల్లుడు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు చెక్కతో బిస్కెట్టు చెక్కి, అసలువాటితో కలిపి ప్లేటులో పెట్టాడు. పాపం ఆ అల్లుడు మర్యాదకి పోయి, ఇది గట్టిగా ఉందని చెప్పలేక, చాలాసేపు బుగ్గన పెట్టుకుని కూర్చున్నాడు.

నీడకీ ఆ బుద్ధులే. చెల్లెలు వస్తే ఆమె నీడ జడ పట్టుకుని లాగేది. తమ్ముడి నీడకి కొమ్ములు పెట్టేది. మనవరాలు గోడ పక్కన చేరితే కుందేళ్లు చేసి పరిగెత్తించేది.

పెద్దోడితో మాత్రం ఆడలేదు. అతను బల్ల దగ్గర నిలబడీ నిలబడగానే ఎదురుగోడ ఖాళీ అయిపోయేది. తమ్ముడు ఎందుకో నవ్వుకుంటుండేవాడు. మనవరాలు ఎందుకో చప్పట్లు కొడుతుండేది. ఏమిటని అడగడానికి పెద్దోడికి నామోషీ. నాన్నకి తన మీద ఏదో మనసులో ఉండిపోయిందనుకున్నాడు. ఎక్కడ కష్టపెట్టానా అని వెతుక్కున్నాడు, ఏదీ తోచక మరింత కుంగిపోయాడు. ఆ బాధలో పనంతా తన నెత్తినే వేసుకున్నాడు. రంపం మిషను ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడు కాదు. గుమ్మాలకి భుజం కొట్టుకుంటున్నా, మంచినీళ్ల చెంబు తన్నేస్తున్నా, మనసు బాగోక అలా ఉన్నాడులే అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకున్నారు. రంపం పళ్లు తగిలి ఎడమ బొటనవేలి గోరు చివర లేచిపోయిన సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు మధ్యాహ్నం భార్య క్యారేజీ తెచ్చింది. అతను రెండు ముద్దలు తిని చెయ్యి ఆపేశాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. నాన్న అందరి దగ్గరికీ వస్తాడు. నా దగ్గరికే రాడు."

ఆమె అయోమయంగా చూసింది. "మీ దగ్గరికి రాకపోవడమేంటి? పొద్దున్నుంచీ మీ పక్కనే కదా ఉంటారు."

"నన్ను ఓదార్చక్కర్లేదులే."

పాలిష్ గుడ్డ పట్టుకునే తమ్ముడు లేచి వచ్చాడు. "అదేంటన్నయ్యా? నీ ఎడమ పక్కగోడ వదిలి ఆయన ఎక్కడికెళ్లాడు? నువ్వు తల తిప్పితే తనూ వెనక్కి జరుగుతాడు. దొంగాట ఆడుతున్నాడని మేం నవ్వుకుంటున్నాం. నువ్వే పట్టించుకోవట్లేదు."

భార్య మొహంలో నవ్వు లేదు. లేచి అతని ఎడమ భుజం పక్కన నిలబడింది. "తల తిప్పకండి. ఎదురుగా గోడకేసే చూడండి. నా చెయ్యి కనిపిస్తోందా?"

"ఏ చెయ్యి?"

ఆమె చెయ్యి అతని చెవి పక్కనే ఊగుతోంది. కాస్త ముందుకి తెచ్చింది. ఇంకాస్త తెచ్చింది. అతను అలాగే గోడకేసి చూస్తున్నాడు. తమ్ముడు వెళ్లి రంపం మిషను ప్లగ్గు పీకేశాడు.

మర్నాడే కళ్ల ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ చిన్నవయసుదే, కానీ ఏ పరీక్షా వదల్లేదు. చీకటి గదిలో కూర్చోబెట్టి ఒక్కో కన్నే మూయించి మరీ చూసింది.

"ఎడమ కన్ను చాలావరకు పోయింది. దాన్ని వెనక్కి తేలేం," అంది. పెద్దోడి చెయ్యి భార్య చేతిని వెతుక్కుంది. "కుడి కన్నుకి ఇప్పుడిప్పుడే మొదలైంది. చుక్కలు మానకుండా వేసుకుంటూ, నేను రమ్మన్నప్పుడల్లా వస్తే ఈ చూపు నిలబెట్టొచ్చు. ఇంకో ఏడాది ఆగితే నేను కూడా ఏం చెయ్యలేకపోయేదాన్ని. నొప్పి ఉండదు కదా, చాలామందికి రెండు కళ్లూ పోయేదాకా తెలీదు. మీరెలా కనిపెట్టారు?"

"మా మావయ్యగారు అటుపక్కే నిలబడతారండీ," అంది భార్య.

"మంచి పని చేశారు," అని డాక్టరమ్మ మందు ఎలా వేసుకోవాలో చెప్పడం మొదలుపెట్టింది.

ఆసుపత్రి మెట్లు దిగుతూ పెద్దోడు ఒక మెట్టు మీద కూలబడిపోయాడు. భయంతో కాదు. ఇన్నాళ్లూ గుండెల మీద మోసిన బరువు ఒక్కసారిగా దిగింది. "నా మీద కోపం లేదన్నమాట," అన్నాడు. అతను లేచేదాకా భార్య పక్కనే కూర్చుంది.

వర్క్‌షాపుకి వచ్చాక ఆమె అతన్ని బల్ల దగ్గర నిలబెట్టి, గడ్డం పట్టుకుని మొహం పూర్తిగా ఎడమకి తిప్పింది. ఈసారి నీడ జరగలేదు. నాన్న అక్కడే ఉన్నాడు. పెద్దోడి నీడ ఎలా భుజాలు వేలాడేసుకుని నిలబడిందో, తనూ అచ్చు అలాగే వేలాడేసుకుని వెక్కిరిస్తున్నాడు. పెద్దోడు నిటారుగా నిలబడ్డాడు. నాన్నా నిలబడ్డాడు.

"నేనిక్కడ కుమిలిపోతుంటే పక్కన నిలబడి నువ్వు చేసే పని ఇదా?" అన్నాడు పెద్దోడు. అంటూనే నవ్వేశాడు. తమ్ముడి కంట పడకుండా మొహం తుడుచుకున్నాడు.

రంపం మిషను తమ్ముడికి అప్పగించి, పాలిష్ పని తను తీసుకున్నాడు. స్టూలు లాక్కుని కూర్చుని ఒక కుర్చీ చేతికి గుడ్డతో పాలిష్ రుద్దడం మొదలుపెట్టాడు. కాసేపటికి నీడ పక్కగోడ వదిలి నెమ్మదిగా ఎదురుగోడ మీదికి నడిచింది. అతనికి తల తిప్పకుండానే కనిపించేచోట వంగి, మళ్లీ చిత్రిక పట్టసాగింది.