గోడ వెనక గొట్టాలు

పార్వతి ఫోన్ చేసేసరికి సత్యరాజు నిచ్చెన మీద ఉన్నాడు.

"ఈశ్వర్‌కి ఆడగుంట పుట్టినాదంట," అంది పార్వతి. "రెండు నెల్లయిపోనాదంట. మా సెల్లి కూతురు బిందు విశాఖపట్నంలో సూసొచ్చి సెప్పినాది. మనకి కబురైనా పంపలేదు సూడు."

సత్యరాజు, "పనిలో ఉన్నాను, ఇంటికొచ్చి మాటాడతాను," అని ఫోన్ జేబులో వేసుకున్నాడు. చాలాసేపు నిచ్చెన మెట్టు మీద అలాగే నిలబడ్డాడు. రెండు నెలలంటే తమ్ముడి కూతురు ఈపాటికి మనిషిని చూసి నవ్వుతూ ఉంటుంది. తర్వాత బర్నర్ వెలిగించి మళ్లీ పనిలో పడ్డాడు.

రాజాంలో పాలకొండ రోడ్డు మీదున్న ఒక ప్రసూతి ఆసుపత్రికి అప్పుడు రెండో అంతస్తు వేస్తున్నారు. అక్కడ ఆక్సిజన్ గొట్టాల కాంట్రాక్టు నరసింగరావుది. ఆయన దగ్గర సత్యరాజు పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాడు. రాగి గొట్టాలు కొలిచి కోయడం, వెండి కలిసిన తీగ కరిగించి అతకడం అతని పని. కింద సిలిండర్ల గదిలో మొదలైన గొట్టాలు సీలింగు పైన నడవా పొడుగునా సాగి, ప్రతి మంచం తల దగ్గర గోడలోకి దిగుతాయి. ఆక్సిజన్‌ది ఒకటి, మామూలు గాలిది ఒకటి, నోట్లో, ముక్కులో అడ్డుపడ్డ నీరు లాగేసే సక్షన్‌ది ఒకటి. మొదటి రెండూ ఒకే లావు. అతికి, సీలింగు మూసేస్తే ఏది ఏదో కంటికి తెలియదు. అందుకే సత్యరాజు ప్రతి గొట్టానికీ రెండు చివర్లా గుర్తు రాసుకుని, రెండుసార్లు చూసుకుని గాని మంట పెట్టడు. ఆ రోజు ప్రసవం గదిలో పసిపిల్లల మూల దగ్గర ఒక్కసారే చూశాడు. అలా చూశానని కూడా అతనికి గుర్తులేదు.

ఈశ్వర్ అతనికి ఒక్కడే తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్లు. సత్యరాజుకు అప్పటికి కొత్తగా పెళ్లయింది. పార్వతే వాడికి తల దువ్వి, చద్దన్నం కలిపిపెట్టి బడికి పంపింది. ఐటీఐ అయ్యాక సత్యరాజు వాణ్ణి తన పనిలోకే తెచ్చుకున్నాడు. పలాస నుంచి విజయనగరం దాకా అన్నదమ్ములిద్దరూ ఎన్ని ఆసుపత్రుల్లో గొట్టాలు వేశారో! ఒకే కారియర్‌లో తిన్నారు, నౌపడ స్టేషన్‌లో ఒకే బల్ల మీద కూర్చుని రైలు కోసం చూశారు. ఈశ్వర్‌ది చురుకైన చేయి. అన్న రెండు అతుకులు వేసేలోపు వాడు మూడు వేసేవాడు.

ఆ తొందరే ముప్పు తెచ్చింది. గొట్టం అతికేటప్పుడు లోపల నైట్రోజన్ పారుతూ ఉండాలి. లేకపోతే ఆ వేడికి రాగి లోపలివైపు మసిబారి, ఆ మసి రాలి రోగి ఊపిరిలోకి పోతుంది. ఐదేళ్ల కిందట విజయనగరం దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో పని మధ్యలో నైట్రోజన్ అయిపోయింది. మర్నాటిదాకా ఆగమని సత్యరాజు చెప్పి వెళ్లాడు. ఈశ్వర్ ఆగలేదు. మిగిలిన మూడు అతుకులూ అలాగే వేసేశాడు. నెల తిరక్కుండా మంచం దగ్గర గొట్టం చివర వడపోత జాలీలో నల్లటి పొడి కనిపించింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు.

నరసింగరావు పనివాళ్లందరినీ ఆవరణలో నిలబెట్టి, ఎవరు వేశారని అడిగాడు. ఈశ్వర్ తలెత్తి అన్న వైపు చూశాడు.

"ఆ అతుకులు మా తమ్ముడేసినవి," అన్నాడు సత్యరాజు.

అబద్ధం కాదు. కాని ఆ తర్వాత నరసింగరావు నోటికొచ్చినట్టు తిట్టాడు. వాణ్ణి తిట్టి ఊరుకోక చచ్చిపోయిన తల్లిని కూడా తిట్టాడు. సత్యరాజు నేల చూస్తూ నిలబడ్డాడు. ఈశ్వర్ పనిముట్ల సంచీ అక్కడే పడేసి గేటు దాటాడు. ఫోన్ నంబరు మార్చేశాడు. విశాఖపట్నంలో ఎక్కడో ఉంటున్నాడని, పెళ్లి చేసుకున్నాడని ముక్కలుగా తెలిసేది. పండక్కి పార్వతి రెండు చొక్కాల గుడ్డ తీసేది. ఒకటి సత్యరాజు కుట్టించుకునేవాడు, రెండోది పెట్టెలోకి వెళ్లేది. వాడి ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. అలాగని మరిచిపోయిందీ లేదు.

రెండో అంతస్తు పని పూర్తయింది. గొట్టాలు వేసినవాళ్లే పరీక్ష చేసి బాగున్నాయంటే ఒప్పుకోనని ఆసుపత్రి పెద్ద డాక్టరు కన్యాకుమారి పట్టుబట్టింది. విశాఖపట్నంలో ఇదే పని చేసే ఒక సంస్థకు రాసి మనిషిని పిలిపించింది.

సోమవారం ఉదయం పదింటికి వ్యాను వచ్చింది. అందులోంచి మీటరు పెట్టె పట్టుకుని దిగినవాణ్ణి చూసి సత్యరాజు ఉన్నచోటే ఆగిపోయాడు. 

ఈశ్వర్ కూడా ఆగిపోయాడు. ఒక్క క్షణమే. తర్వాత డాక్టరమ్మకు నమస్కారం పెట్టి, "మొదలెడదామాండి?" అన్నాడు. 

నరసింగరావు ముఖం మాడిపోయింది. సత్యరాజు చెవిలో, "వీడా? వీడు పగబట్టి వచ్చుంటాడు. కనిపెట్టి ఉండు," అన్నాడు.

సత్యరాజు వినలేదు. తమ్ముడి వెనకాలే నడుస్తున్నాడు. ఐదేళ్లకి వాడి మెడ ఎంత దగ్గరగా కనిపిస్తోందో!

పరీక్ష పద్ధతి చిన్నది. అన్ని గొట్టాలూ కట్టేసి ఖాళీ చేస్తారు. తర్వాత ఆక్సిజన్ ఒక్కటే వదిలి, గోడలో ఉన్న ప్రతి పాయింటూ తెరిచి చూస్తారు. ఆక్సిజన్ పాయింట్లలో తప్ప ఇంకెక్కడా ఏమీ రాకూడదు. తర్వాత గాలి ఒక్కటే వదిలి అలాగే చూస్తారు. సత్యరాజు కింద వాల్వు తిప్పి వచ్చి, పక్కన నిలబడి ఒక్కో గదీ చూపించాడు. మొదటి మంచం సరిగా ఉంది. రెండోదీ, మూడోదీ సరిగానే ఉన్నాయి. 

"తర్వాత," అనేవాడు ఈశ్వర్. అంతకు మించి మాట లేదు. పన్నెండు మంచాలూ అయ్యాయి. చివరికి ప్రసవం గదిలో పసిపిల్లల మూల దగ్గరికి వచ్చారు. పుట్టిన బిడ్డ ఏడవకపోతే తెచ్చి పడుకోబెట్టే చోటు అది.

ఈశ్వర్ ఆక్సిజన్ పాయింటులో గొట్టం గుచ్చాడు. చప్పుడు లేదు. తీసి మళ్లీ గుచ్చాడు. లేదు. గాలి పాయింటుకు మార్చాడు. బుస్సుమంది. ఆక్సిజన్ శాతం కొలిచే మీటరు పెడితే వందకు దగ్గరగా చూపించింది. అంటే గాలి రావలసిన చోట ఆక్సిజన్ వస్తోంది.

"ఆక్సిజన్ కట్టేసి గాలి వదిలి రండి," అన్నాడు ఈశ్వర్.

సత్యరాజు కిందికి వెళ్లి గాలి వదిలి, మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. ఈసారి ఆక్సిజన్ పాయింటులో చప్పుడు వచ్చింది. మీటరు ఇరవై ఒకటి దగ్గర నిలబడింది. అది మనం పీల్చే మామూలు గాలి.

కన్యాకుమారి గోడకేసి చూసింది. "ఒక పాయింటులో పట్టే గొట్టం ముక్కు ఇంకోదాంట్లో పట్టదు కదా? పొరపాటు జరగడానికి వీల్లేదన్నారు కదా?"

"ముక్కు సరైనదే మేడమ్," అన్నాడు ఈశ్వర్. "గోడ వెనక గొట్టాలు తారుమారయ్యాయి. ఆక్సిజన్ అనుకుని నర్సు గాలి పెట్టేది. మీట ఎంత తిప్పినా నీలిబారిన బిడ్డ రంగు మారదు. ఎందుకో ఎవరికీ తెలిసేది కాదు."

నరసింగరావు ముందుకు వచ్చాడు. "ఆ మీటరు నమ్మకండి డాక్టరుగారూ. ఇతను నా దగ్గర పని పోగొట్టుకున్న మనిషి. కక్షతో చెప్తున్నాడు. మా సత్యరాజు పద్దెనిమిదేళ్లలో ఒక్క తప్పు చేసింది లేదు."

ఈశ్వర్ మీటరు గొట్టం చుట్టుకుంటూ నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

సత్యరాజుకు ఆ క్షణంలో నిచ్చెన, ఫోను, ఒక్కసారే చూసిన గుర్తులు అన్నీ కళ్లకు కట్టాయి.

"మీటరు తప్పు కాదండి," అన్నాడు. "నాదే తప్పు. ఆ పూట నా మనసు మనసులో లేదు. మూత ఇప్పండి, అతుకు సూపిస్తాను. నానే ఏసినాను."

సీలింగు పలక దించారు. రెండు గొట్టాలూ వంపు దగ్గర ఒకదాని చోట ఒకటి దిగి ఉన్నాయి. నరసింగరావు పరువు పోయిందన్న కోపంలో సత్యరాజు మీద విరుచుకుపడ్డాడు. "ముసలి గాడిదా, పసిపిల్లల్ని చంపుదామనుకున్నావా? నిన్ను కన్నది—"

"ఆగండి," అన్నాడు ఈశ్వర్.

గట్టిగా అనలేదు. అయినా నరసింగరావు ఆగిపోయాడు.

"తప్పు దొరకాలనే ఈ పరీక్ష పెట్టుకున్నారు. దొరికింది. ఏ బిడ్డకీ ఏటీ కాలేదు. పనివాడు తనే ఒప్పుకున్నాడు. దిద్దించండి, నాను మళ్లీ వచ్చి సూస్తాను. మా అమ్మని మాత్రం ఇంకోసారి నోటికి తేవద్దు."

కన్యాకుమారి నెమ్మదిగా, "అతను ఒప్పుకోకపోతే మనం ఇంకా వాదించుకుంటూ ఉండేవాళ్లం నరసింగరావుగారూ. అతని చేతే దిద్దించండి," అంది.

సత్యరాజు రెండు రోజులు పనిచేశాడు. వంపు కోసి, నైట్రోజన్ పారించి, గుర్తులు మూడుసార్లు చూసుకుని అతికాడు. గురువారం మధ్యాహ్నం ఈశ్వర్ మళ్లీ వచ్చాడు. పసిపిల్లల మూల ఒక్కటే చూసి వదల్లేదు. మొదటి మంచం నుంచి అన్నీ మళ్లీ చూశాడు. ఈసారి ఎక్కడిది అక్కడే వచ్చింది. కాగితం మీద సంతకం పెట్టి, పెట్టె సర్దుకున్నాడు.

సత్యరాజు గేటు దాకా వెంట వచ్చాడు. "టీ తాగుదువా?" అన్నాడు.

ఈశ్వర్ గడియారం చూసుకున్నాడు. తర్వాత సరేనని తలూపాడు.

రోడ్డవతల బడ్డీలో ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. 

"ఆ రోజు నాను కూడా ఆగమనాల్సింది," అన్నాడు సత్యరాజు. "అమ్మని తిడతా ఉంటే నిలబడ్డాను. తప్పు నీదని సెప్పినందుకు కాదురా, ఊరుకున్నందుకు నాకు నిద్ర పట్టదు."

ఈశ్వర్ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "నువ్వు నిజమే సెప్పావని నాకు ఎప్పుడో తెలిసిపోనాది. కాని నువ్వు నాకేసి ఓసారి సూస్తావని గేటు కాడ ఆగినాను, అన్నా. సూడలేదు."

ఐదేళ్లకి అన్నా అనే మాట విన్నాడు సత్యరాజు.

"గుంట పుట్టినప్పుడు ఏడవలేదు," అన్నాడు ఈశ్వర్ కాసేపటికి. "నాలుగు రోజులు ఆక్సిజన్ పెట్టినారు. నాను గోడకేసి సూస్తా కూకున్నాను. ఈ గొట్టం ఎవుడేసినాడో, ఎవుడు సూసినాడో అనుకున్నాను. నువ్వే ఏసుంటే బాగున్ను అని కూడా అనుకున్నాను. మొన్న మీటరు ఇరవై ఒకటి సూపిస్తే మా గుంటే కళ్లలో మెదిలినాది."

"ఇప్పుడు బాగున్నాదా?"

ఈశ్వర్ ఫోన్ తీసి బొమ్మ చూపించాడు. బోసినోరు తెరిచి, పిడికిలి నోట్లో పెట్టుకోబోతున్న పిల్ల. పేరు హైమ అని చెప్పాడు. సత్యరాజు ఫోన్ చేతిలోకి తీసుకుని, తెర ఆరిపోయే దాకా చూశాడు.

"ఇల్లు ఎనిమిది కిలోమీటర్లే," అన్నాడు. "మీ వదిన ఉన్నాది. ఓ ముద్ద తినేసి ఎల్లు."

ఈశ్వర్ రోడ్డు మీద ఎండను చూస్తూ ఉండిపోయాడు. రావాలని ఉన్నట్టే కనిపించింది. చివరికి, "రేపు పొద్దున్నే పలాసలో పనున్నాది, రాత్రికే సేరాలి. ఇప్పుడు రాలేనన్నా," అన్నాడు. అన్న ఫోన్ తీసుకుని అందులో తన నంబరు వేసి ఇచ్చాడు. వ్యాను కదిలి, మలుపు తిరిగే దాకా అద్దంలోంచి వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

సత్యరాజు ఇంటికి చేరేసరికి పార్వతి వాకిట్లో చేటలో బియ్యం ఏరుతోంది. సంగతంతా విని, చేట పక్కన పెట్టింది.

"సన్నబడ్డాడా?"

"లేదు. కాస్త ఒళ్లు సేసినాడు."

"తల నెరిసినాదా?"

"సెవుల కాడ."

"మాట ఎలగున్నాది? పట్నం మాటేనా?"

"డాక్టరమ్మతో పట్నం మాటే. నాతో మన మాటే."

నంబరు ఉంది కదా, ఫోన్ చెయ్యమన్నాడు సత్యరాజు. చేస్తానంది గాని చెయ్యి చాపలేదు. ఏమని మొదలెట్టాలో తెలియక కొంగు అంచు చుట్టుకుంటూ కూర్చుంది.

"టీతో పాటు ఏటైనా తిన్నాడా?" అని అడిగింది.

"ఒట్టి టీయే."

"మద్దేనం పూట ఒట్టి టీయేనా," అంది పార్వతి, రోడ్డు కేసి చూస్తూ.